231 ఛార్జింగ్ సైకిళ్ళు తిరిగిన లాప్‌టాప్ బ్యాటరీ నిలబడింది, 11 తిరిగినది ఉబ్బింది

2023 మే రెండో వారంలో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ఆడిట్ ఆఫీసు నుంచి, లాప్‌టాప్‌లు బాగుచేసే నాకు ఫోను వచ్చింది. "ఒక లాప్‌టాప్‌కు టచ్‌ప్యాడ్ నొక్కితే దిగడం లేదు, మౌస్‌తో నెట్టుకొస్తున్నాం, వీలు చూసుకుని రండి" అన్నారు. మౌస్‌తో పని నడుస్తోంది కాబట్టి వాళ్ళకు అది తొందర లేని పని. టచ్‌ప్యాడ్ దిగడం లేదన్న మాట విన్నాక నాకు మాత్రం ఆగాలనిపించలేదు. "దాన్ని వెంటనే ఆపేయండి, ఛార్జర్ పీకేయండి, నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి బండి తీశాను.

వెళ్ళి ఆ లాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి ఒక మూల వేలితో తాకితే ఊగింది. నాలుగు రబ్బరు కాళ్ళలో ఒకటి గాలిలో ఉంది. టచ్‌ప్యాడ్ చుట్టూ ఉండే సన్నని గీత ముందువైపు వెడల్పయింది, అందులో విజిటింగ్ కార్డు సగం దాకా దూరింది. అడుగున ఉన్న బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతోంది. ఇలాంటిది కనిపిస్తే ఆ యంత్రాన్ని ఇక ఆన్ చేయకూడదు, ఛార్జింగ్ అసలే పెట్టకూడదు. ఉబ్బినది గాలి కాదు, సెల్ (బ్యాటరీలో పలుచని సంచిలా ఉండే ఒక్కో భాగం) లోపల రసాయనాలు విరిగి పుట్టిన వాయువు. మండే గుణం ఉన్న ద్రావణం కూడా ఆ సంచిలోనే ఉంటుంది.

ఇంతవరకు నా వృత్తిలో నెలకు రెండు మూడుసార్లు చూసేదే. ఈ ఆఫీసులో కొత్తగా ఎదురైన విషయం వేరు. అక్కడ ఒకే మోడల్ లాప్‌టాప్‌లు ఆరు ఉన్నాయి. ఆరూ 2021 జూన్‌లో ఒకే బిల్లు మీద కొన్నవి. అడుగున అతికించిన లేబుళ్ళ ప్రకారం ఆరింటి బ్యాటరీలూ ఒకే రకం: మూడు సెల్‌లు, 11.4 వోల్టులు, 45 వాట్ అవర్లు. ఒకే వయసు, ఒకే రకం, ఒకే గది. వాడకం మాత్రం ఆరుగురిది ఆరు తీరులు. ఇలాంటి పోలిక రిపేరు షాపులో కూర్చుంటే దొరకదు. అక్కడికి వచ్చే ప్రతి యంత్రానికీ వేరే చరిత్ర ఉంటుంది, ఆ చరిత్రలో సగం మనకు చెప్పరు. అందుకే ఆడిటర్ గారిని అడిగి ఒక శనివారం సాయంత్రం, ఆదివారం మొత్తం ఆరింటినీ నా చేతికి తీసుకున్నాను.

వాటికి నంబర్లు పెట్టుకున్నాను. ఒకటి ఆడిటర్ గారిది, రోజూ ఇంటికి వెళ్ళి వస్తుంది. రెండు, ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగంగా ఆడిట్ శిక్షణ) చేస్తున్న అబ్బాయిది. ఏలూరు, గుంటూరు, మచిలీపట్నం అంటూ క్లయింట్ల దగ్గరకు తిరిగే యంత్రం, ఎక్కువ భాగం బ్యాటరీ మీదే నడుస్తుంది. మూడు, పడమటి కిటికీ పక్కన ఒక అకౌంటెంటు వాడేది. పెద్ద మానిటర్ తగిలించుకుని, లాప్‌టాప్ మూత మూసి, యూపీఎస్ డబ్బా పక్కన నిలువుగా నిలబెట్టి వాడుతున్నారు. టచ్‌ప్యాడ్ పైకి లేచింది దీనికే. మానిటర్ ముందు కూర్చునే మనిషికి టచ్‌ప్యాడ్‌తో పని లేదు కాబట్టి ఎప్పుడో లేచినా ఎవరూ గమనించలేదు, ఒక రోజు మానిటర్ పాడై మూత తెరిస్తే బయటపడింది. నాలుగు, ఐదు పక్కపక్క బల్లల మీద మూత తెరిచి, ఉదయం నుంచి సాయంత్రం వరకూ ఛార్జర్‌కే కట్టేసి ఉండేవి. ఆరోది గోడ అలమారలో ఉంది. అకౌంట్ల డేటా అందరికీ అందించే యంత్రం అది, రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. అలమార తలుపు తీసి దాన్ని బయటికి లాగేసరికి అడుగు మూత ఒక పక్క అతుకు విడిపోయి కనిపించింది. అదీ ఉబ్బింది. ఆ యంత్రం కోసం నన్ను ఎవరూ పిలవలేదు.

విండోస్‌లో ప్రతి యంత్రం బ్యాటరీ చరిత్రనూ రాసి పెట్టే సదుపాయం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌కు బ్యాటరీరిపోర్ట్ అన్న మాట జోడిస్తే ఒక ఫైలు తయారవుతుంది. తయారీ నాటి సామర్థ్యం, ఇప్పుడు నిండగలిగే సామర్థ్యం, ఎన్ని సైకిళ్ళు తిరిగింది, వారం వారం ఎలా తగ్గింది అన్నీ అందులో ఉంటాయి. ఒక సైకిల్ అంటే మొత్తం సామర్థ్యమంత వాడుక. సగం చొప్పున రెండుసార్లు ఖర్చు చేసినా ఒకటే సైకిల్.

ఆరు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. వాడినకొద్దీ బ్యాటరీ అరుగుతుంది, ఛార్జర్‌కే ఉంచితే క్షేమం అని ఆఫీసు వాళ్ళు అనుకుంటున్నదే నిజమన్నట్టు ఉన్నాయి అవి. రెండో నంబరు 231 సైకిళ్ళు తిరిగింది, 83 శాతం మిగిలింది. ఒకటో నంబరుకు 140 సైకిళ్ళు, 87 శాతం. నాలుగో నంబరు 17 సైకిళ్ళు, 95 శాతం. ఐదోది 14 సైకిళ్ళు, 96 శాతం. ఉబ్బిన మూడో నంబరు రిపోర్టు అంతకుముందు వారం వాళ్ళే తీసి పెట్టుకున్నారు, అందులో 11 సైకిళ్ళు, 94 శాతం. అలమారలోని ఆరోది 6 సైకిళ్ళు, 97 శాతం.

పొట్ట ఉబ్బి కవరు పగలగొట్టుకుంటున్న బ్యాటరీకి 97 శాతం ఆరోగ్యం ఉందంటే ఆ సంఖ్యలో తప్పుందని అర్థం. తప్పు ఎక్కడుందో చెప్పాలంటే కొలత ఎలా జరుగుతుందో చెప్పాలి. బ్యాటరీ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. లోపలికి వెళ్ళిన కరెంటును, బయటికి వచ్చిన కరెంటును అది లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్న స్థితి నుంచి బాగా దిగేదాకా ఖర్చయితేనే అసలు ఎంత పడుతోందో దానికి తెలుస్తుంది. ఎప్పుడూ ఛార్జర్‌కే ఉన్న యంత్రంలో ఆ అవకాశమే రాదు. ఎప్పుడో కొన్న కొత్తలో కొలిచిన సంఖ్యనే అది మోస్తూ ఉంటుంది. నెలల తరబడి తూకం వేయని బస్తా మీద పాత బరువు రాసి ఉన్నట్టు.

ఉబ్బిన రెండింటినీ పరీక్షించే ప్రశ్నే లేదు, వాటిని విప్పి పక్కన పెట్టాను. మిగిలిన నాలుగింటి మీద స్లీప్ ఆపేసి, వెలుతురు పూర్తిగా పెంచి, ఒక వీడియో పదే పదే తిరిగేలా పెట్టి, ఛార్జర్లు తీసేశాను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. రెండో నంబరు పద్ధతిగా దిగింది: 60, 40, 20, ఆ తర్వాత హెచ్చరిక, ఆ తర్వాత నిద్ర. నాలుగో నంబరు 32 శాతం చూపిస్తూ చూపిస్తూ చటుక్కున ఆరిపోయింది. హెచ్చరిక లేదు, ఏమీ లేదు. మళ్ళీ పూర్తిగా ఛార్జ్ చేసి, ఇంకోసారి అలాగే దించి, మళ్ళీ నింపి, అప్పుడు రిపోర్టులు తీశాను. ఒకటో నంబరు 86. రెండోది 82. ఐదోది 77. నాలుగోది 69.

231 సైకిళ్ళు తిరిగి, ఊళ్ళు తిరిగి, బస్సుల్లో బ్యాగుల్లో నలిగిన బ్యాటరీ 82 దగ్గర నిలబడింది. 17 సైకిళ్ళు మాత్రమే తిరిగి బల్ల మీద క్షేమంగా కూర్చున్న బ్యాటరీ 69కి వచ్చింది. 11 సైకిళ్ళది, 6 సైకిళ్ళది ఉబ్బిపోయాయి. ఈ మూడు వాక్యాల కోసమే ఈ కేసు రాస్తున్నాను.

మనలో చాలామందికి బ్యాటరీ అంటే వాడితే అరిగేది అన్న లెక్క ఉంది. టైరులాగా, చెప్పులాగా. ఆ లెక్క సగమే నిజం. లిథియం అయాన్ బ్యాటరీకి రెండు వయసులు ఉంటాయి. ఒకటి వాడకం వల్ల వచ్చేది, రెండోది ఊరికే ఉండటం వల్ల వచ్చేది. ఆ రెండో వయసు ఎంత వేగంగా వస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఎంత నిండుగా ఉంది, ఎంత వేడిగా ఉంది.

ఈ బ్యాటరీల లేబుల్ మీద ఛార్జింగ్ పరిమితి 13.05 వోల్టులు అని అచ్చేసి ఉంది. మూడు సెల్‌లకు పంచితే ఒక్కో దానికి 4.35 వోల్టులు. మామూలు లిథియం అయాన్ సెల్‌కు 4.2 వోల్టులు పై హద్దు. పలుచని లాప్‌టాప్‌లలో వాడే సెల్‌లకు ఇంకొంచెం ఎక్కువ సామర్థ్యం పిండడానికి ఈ హద్దును 4.35 దాకా, కొన్నింటిలో 4.4 దాకా పెంచారు. అంత వోల్టేజి దగ్గర సెల్ లోపలి ద్రావణం ధనధ్రువం వైపు నెమ్మదిగా ఆక్సీకరణ చెంది విరిగిపోతూ ఉంటుంది. ఉబ్బు రావడానికి ముఖ్య కారణమైన వాయువు పుట్టేది ఇలా విరిగిపోవడంలోనే. రుణధ్రువం వైపు గ్రాఫైట్ రేణువుల మీద ఒక సన్నని పొర కట్టి ఉంటుంది. అది రక్షణ పొరే, కానీ సెల్ నిండుగా, వేడిగా ఉన్నకొద్దీ అది మందం పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదలకు కావలసిన లిథియం మన సామర్థ్యంలోంచే పోతుంది. అలా చిక్కిన లిథియం తిరిగి రాదు.

బ్యాటరీ పనివాళ్ళ మధ్య చాలాకాలంగా చలామణిలో ఉన్న ఒక పట్టిక ఉంది. 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఏడాది ఉంచితే సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 25 డిగ్రీల దగ్గర 100 శాతంతో ఉంచితే సుమారు 80. వేడి 40 డిగ్రీలైతే 40 శాతం ఛార్జ్‌తో ఉన్నది 85, నిండుగా ఉన్నది 65. అన్ని సెల్‌లూ సరిగ్గా ఇలాగే ఉండవు, కొత్త రకాలు ఇంతకన్నా మెరుగు. కానీ నిండుదనం, వేడి కలిస్తే ఏమవుతుందో చూపించడానికి ఈ నాలుగు సంఖ్యలు చాలు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఛార్జర్ పెట్టి ఉంచితే "ఓవర్‌ఛార్జ్" అవుతుందని అంటారు. కాదు. నిండగానే లాప్‌టాప్ లోపలి ఛార్జింగ్ చిప్ బ్యాటరీకి కరెంటు ఆపేస్తుంది, యంత్రం నేరుగా అడాప్టర్ మీద నడుస్తుంది. బ్యాటరీ తనంతట తాను కొంచెం తగ్గి 95 శాతం చుట్టుపక్కలకు వస్తే తప్ప మళ్ళీ మొదలుపెట్టదు. అందుకే 23 నెలల్లో 11 సైకిళ్ళే నమోదయ్యాయి. అతిగా నింపడం వల్ల కాదు, ఎప్పుడూ నిండుగానే ఉంచడం వల్ల చేటు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ మందు ఈ తేడాను బట్టే మారుతుంది.

వేడి సంగతికి వస్తాను. సోమవారం పని వేళలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచాను. ఆఫీసులో ఏసీ 26 దగ్గర ఉంది. ఐదో నంబరు ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉంది, అరచేయి ఆనే భాగం కింద, అంటే బ్యాటరీ ఉండే చోట, అడుగు మూత 33 డిగ్రీలు. దాని పక్క బల్ల మీది నాలుగో నంబరుకు ఆ గాలి తగలదు, పైగా అడుగున పాత ఫైళ్ళ కట్ట వేసుకుని దాని మీద పెట్టారు. గాలి పీల్చుకునే రంధ్రాలు ఆ ఫైళ్ళకు ఆనుకుని ఉన్నాయి. అక్కడ 41. ఆ రెండు బ్యాటరీల వాడకం ఒకటే, నిండుదనం ఒకటే. ఒకటి 77, ఇంకొకటి 69. మధ్యలో ఉన్నది ఆ ఎనిమిది డిగ్రీలే.

మూడో నంబరు ఆపేసి ఉంది కాబట్టి దాని చోట అదే మోడల్ యంత్రం ఇంకొకటి, మూత మూసి, నిలువుగా పెట్టి, సాయంత్రం నాలుగు గంటలకు ఎండ కిటికీలోంచి పడేదాకా ఆగాను. 46 వచ్చింది. అలమార తలుపు మూసి రెండు గంటల తర్వాత చూస్తే లోపలి గాలే 39 డిగ్రీలు. చాలా కంపెనీలు లాప్‌టాప్ పనిచేయడానికి చెప్పే గది ఉష్ణోగ్రత హద్దు 35. మన వేసవిలో ఏసీ లేని గది ఆ హద్దును మధ్యాహ్నానికే దాటేస్తుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో, భద్రాచలంలోనో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆఫీసు మూసి వెళ్ళాక ఏసీ ఆగిపోతుంది, ఛార్జర్ మాత్రం ఉంటుంది. రాత్రి పది గంటల దాకా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఆ గంటలన్నీ బ్యాటరీ నిండుగా కూర్చుని ఉంటుంది. ఆరు యంత్రాలతో శాస్త్రం తేలదని నాకు తెలుసు, ఉబ్బిన రెండింట్లో తయారీ లోపమూ ఉండి ఉండవచ్చు. కానీ ఈ వరుస నేను ఇతర చోట్ల చూసిన దానికీ, రసాయనం చెప్పే దానికీ సరిపోయింది.

ఉబ్బిన బ్యాటరీలు విప్పిన తీరు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కొందరు కుర్రాళ్ళు దీన్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలించడం చూసి భయపడ్డాను. అడాప్టర్ తీసి, యంత్రం పూర్తిగా ఆగిందని చూసుకుని, అడుగు మూత మరలన్నీ తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ వదులు చేయాలి. ఆ తర్వాతే మిగతావి. బ్యాటరీని పట్టి ఉంచే మరలు తీసేటప్పుడు ఉబ్బిన సంచి మీద చేతి బరువు పడకూడదు. జిగురు టేపుతో అంటించి ఉంటే లోహపు పనిముట్టు వాడకూడదు, పలుచని ప్లాస్టిక్ కార్డుతో పక్క నుంచి ఓపికగా విడిపించాలి. మూడో నంబరులో మధ్య సెల్ దిండులా ఉబ్బి ఉంది, దాని వెండిరంగు సంచి మీద ముడతలు పోయి నున్నగా మెరుస్తోంది. టచ్‌ప్యాడ్ అడుగున ఉండే లోహపు రేకు విల్లులా వంగింది. రెండు బ్యాటరీలనూ ఇసుక పోసిన ఇనుప బకెట్‌లో పెట్టి బాల్కనీలో ఉంచాను. పొడవకూడదు, నొక్కి గాలి తీయకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. నేను అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకు అప్పగించాను.

ఇక చేసిన మార్పులు. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఛార్జింగ్‌కు హద్దు పెట్టడం. విండోస్‌లో అన్ని యంత్రాలకూ పనిచేసే ఒకే మీట లేదు, తయారీ కంపెనీ ఇచ్చిన చోట వెతుక్కోవాలి. లెనోవోలో వాంటేజ్ అనే ప్రోగ్రామ్‌లో కన్జర్వేషన్ మోడ్ అని ఉంటుంది. థింక్‌ప్యాడ్‌లలో ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది మనమే పెట్టుకోవచ్చు. డెల్‌లో బయోస్‌లోనే (విండోస్ మొదలవ్వక ముందే తెరుచుకునే, యంత్రం లోపలి సెట్టింగులు) "ఎక్కువగా కరెంటు మీద వాడకం" అనే అర్థం వచ్చే ఎంపిక, దానితో పాటు సొంత హద్దులు పెట్టుకునే ఎంపికా ఉంటాయి. హెచ్‌పీ ఆఫీసు మోడళ్ళ బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్ ఉంటుంది, అది 80 దగ్గర ఆపుతుంది. ఆసుస్‌లో మైఆసుస్ ప్రోగ్రామ్‌లో, ఏసర్‌లో కేర్ సెంటర్‌లో ఇలాంటిదే 80 శాతం హద్దు దొరుకుతుంది. మ్యాక్‌బుక్ మన అలవాట్లు గమనించి తనంతట తాను 80 దగ్గర ఆగే ప్రయత్నం చేస్తుంది. లినక్స్ వాడేవాళ్ళకు టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ ఉంది, కేడీఈ డెస్క్‌టాప్ సెట్టింగుల్లోనే హద్దు పెట్టుకోవచ్చు, అయితే యంత్రం దానికి ఒప్పుకోవాలి.

ఈ ఆఫీసు యంత్రాల్లో 60, 80, 100 అని మూడు మెట్లు ఉన్నాయి. మూడు, నాలుగు, ఐదు, ఆరు నంబర్లకు 60 పెట్టాను. ఆఫీసుకు ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ ఉంది, కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ అవసరం పడేది నిమిషాలకే. ఒకటో నంబరుకు 80. రెండో నంబరుకు కూడా 80 పెట్టి, క్లయింట్ దగ్గరకు వెళ్ళే ముందు రాత్రి 100కు మార్చుకోవడం ఆ అబ్బాయికి నేర్పాను. బ్యాటరీని బతికించడం కోసం అతని పని మధ్యలో ఆగిపోతే ఆ బతుకుకు అర్థం లేదు. నిండుగా ఛార్జ్ చేసి రెండు గంటల్లో వాడేసుకుంటే ఏ హానీ లేదు. నిండుగా నింపి వారాల తరబడి ఉంచడమే హాని.

రెండోది వేడి. నాలుగో నంబరు కింది ఫైళ్ళు తీయించి ఇనుప స్టాండు పెట్టించాను. మూడో నంబరును కిటికీ నుంచి జరిపించి, మానిటర్ వాడినా మూత తెరిచే ఉంచమని చెప్పాను, కీబోర్డు మీదుగా కూడా వేడి పోతుంది. ఆరోదాన్ని అలమారలోంచి బయటికి తెచ్చి గోడకు బిగించిన అర మీద పెట్టాము. మూడుకు, ఆరుకు కంపెనీ బ్యాటరీలే కొత్తవి వేయించాను. ఒక్కోటి 4,800 రూపాయలు. ఊరూ పేరూ లేనివి సగం ధరకు వస్తాయి, కానీ వాటిలో కొన్ని ఛార్జింగ్ హద్దు ఆదేశాన్ని వినవు.

మూడు నెలలకు ఒకసారి 20 శాతం దాకా దించి మళ్ళీ నింపడం అనే పని కూడా పెట్టాను. ఇది బ్యాటరీ ఆరోగ్యం కోసం కాదు, ఆ చిప్ లెక్క సరిచేయడం కోసం. నెలనెలా పూర్తిగా ఖాళీ చేయాలన్న సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలోది, లిథియం బ్యాటరీని అలా అడుగంటా పిండితే నష్టమే తప్ప లాభం లేదు.

చెప్పినంత సాఫీగా ఏమీ సాగలేదు. పది రోజులకే నాలుగో నంబరు వాడే మేడమ్ ఫోను చేశారు. "బాబూ, ఛార్జర్ పెట్టినా 60 మీద ఎక్కడం లేదు, అడాప్టర్ పోయినట్టుంది" అన్నారు. అప్పటికే ఇంకో షాపు నుంచి కొత్త అడాప్టర్ తెప్పించుకున్నారు. అది 45 వాట్లది, ఈ యంత్రానికి కావలసింది 65. చిన్న అడాప్టర్ పెడితే పని ఎక్కువైనప్పుడల్లా లోటు బ్యాటరీ పూడుస్తుంది, పని తగ్గగానే మళ్ళీ ఛార్జ్ అవుతుంది. రోజంతా ఆ ఎక్కడం దిగడం. పాతది తిరిగి పెట్టించాను. నేను హద్దు పెట్టి, ఎందుకు పెట్టానో ఆఫీసులో ఇద్దరికే చెప్పాను. అది నా తప్పే. ఆ సాయంత్రం ఆరుగురినీ కూర్చోబెట్టి చెప్పాను, ప్రతి యంత్రం మీదా చిన్న చీటీ అంటించాను: "60 దగ్గర ఆగుతుంది. ఇది చెడిపోవడం కాదు."

రెండో ఎదురుదెబ్బ ఐదో నంబరుకు తగిలింది. 2024 జనవరిలో అందులో విండోస్ మళ్ళీ వేశారు. కంపెనీ ప్రోగ్రామ్ పోయింది, దానితో పాటే హద్దూ పోయింది. కొన్ని మోడళ్ళలో హద్దు యంత్రం లోపలి కంట్రోలర్‌లోనే నిలిచిపోతుంది, ఇందులో నిలవలేదు. యంత్రం నా దగ్గరకు రాలేదు, నేను ఆగస్టు దాకా చూడలేదు. ఏడు నెలలు 100 శాతం మీద కూర్చుంది. అప్పటి నుంచి విండోస్ వేసినా, బయోస్ అప్‌డేట్ చేసినా హద్దు చూసుకోవాలని ఆఫీసు రిజిస్టరులో రాయించాను.

హద్దు పెట్టే సదుపాయమే లేని పాత యంత్రాలు ఉంటాయి. అలాంటివి వాడే ఇంకో క్లయింట్‌కు నేను చెప్పిన పద్ధతి ఇది: సాయంత్రం ఇంటికి వెళ్ళడానికి గంటన్నర ముందు ఛార్జర్ తీసేయండి, 55, 60కి దిగాక ఆపేసి వెళ్ళండి, ఉదయం వచ్చాక మళ్ళీ పెట్టండి. ఆఫీసు మూసి ఉండే పధ్నాలుగు గంటలు, ఆదివారాలు, పండుగ సెలవులు అన్నీ బ్యాటరీ సగం ఛార్జ్‌తో గడుపుతుంది. రోజుకు సగం సైకిల్ కూడా ఖర్చు కాదు. యంత్రాన్ని నెలల తరబడి పక్కన పెట్టాల్సి వచ్చినా ఇదే లెక్క, సగం దగ్గర ఆపి, చల్లని చోట.

2024 నవంబరులో, అంటే 18 నెలల తర్వాత, మళ్ళీ ఒక ఆదివారం ఆరింటినీ ముందు పద్ధతిలోనే రెండుసార్లు దించి నింపి కొలిచాను. ఒకటో నంబరు 86 నుంచి 82కు వచ్చింది. రెండోది 82 నుంచి 76. అది మరో 150 సైకిళ్ళకు పైగా తిరిగింది, కష్టపడి తగ్గింది. కొత్త బ్యాటరీలు వేసిన మూడు, ఆరు నంబర్లు 97, 96. ఐదోది 77 నుంచి 71, ఆ ఏడు నెలల జాడ అందులో ఉంది. నాలుగోది 69 నుంచి 67.

నాలుగో నంబరు మొదటి 23 నెలల్లో 31 శాతం పోగొట్టుకుంది, తర్వాతి 18 నెలల్లో రెండు. ఈ ఘనతంతా 60 హద్దుకు, స్టాండుకు ఇచ్చేయడం సరికాదు. గ్రాఫైట్ మీది ఆ పొర మందం పెరిగినకొద్దీ దాని పెరుగుదల తనంతట తాను నెమ్మదిస్తుంది, కాబట్టి ఏమీ చేయకపోయినా తర్వాతి నష్టం మొదటి అంత ఉండేది కాదు. కానీ అదే కాలంలో, అదే గదిలో, ఏసీ గాలి కిందే ఉన్న ఐదో నంబరు ఆరు శాతం పోగొట్టుకుంది. దానికి ఏడు నెలలు హద్దు లేదు, నాలుగుకు ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం మేడమ్ వచ్చి అడిగారు: "67 అంటే ఇక దీనికీ కొత్తది వేయించాలా, బాబూ?" వీడియో ఆడిస్తూ కొలిస్తే ఆ బ్యాటరీ గంటా యాభై నిమిషాలు నిలబడింది, మధ్యలో ఆరిపోకుండా చివరిదాకా పద్ధతిగా దిగింది. అడుగు మూత స్కేలు పెట్టి చూశాను, ఎక్కడా ఎత్తు లేదు, టచ్‌ప్యాడ్ చుట్టూ గీత నాలుగు వైపులా సమంగా ఉంది. అక్కర్లేదని చెప్పి, ఛార్జర్ పెట్టి, 60 దగ్గర ఆగేదాకా చూసి బయలుదేరాను.